వెనకవాళ్లకి వినిపిస్తోందా?

ఆ వేసవిలో మాకు రెండు అందకుండా పోయాయి. రంపానికి నీళ్లు, మా అన్నకి ఊపిరి. మొదటిది ఓనరు ఆపాడు. రెండోది అలర్జీ అన్నాడు డాక్టరు. ఆ రెండో మాట మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంట చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారదని తేలింది. అందుకని మంట మీదే రాస్తున్నాను.

మాది వంటగట్ల పలకలు కోసే షెడ్డు. కొత్త ఇళ్లలో పొయ్యి కింద తళతళా మెరుస్తూ ఉంటుందే, ఆ పలక. అది కొండలోంచి తవ్వి తెచ్చిన రాయి కాదు. రాతిపొడిని జిగురుతో కలిపి అచ్చుపోసింది. మా అన్న దాన్ని కొలతకి కోసేవాడు, సింకు కోసం మధ్యలో కన్నం తీసేవాడు. మూల పగలకుండా సింకు కన్నం తీయాలంటే షెడ్డు మొత్తానికి మా అన్న చెయ్యే దిక్కు. కోసిన పలకని నేను తడిగుడ్డతో తుడిచి, అంచులకి ఫోమ్ చుట్టి, స్టిక్కరు అంటించేదాన్ని.

రంపం తిరుగుతున్నంతసేపూ దాని మీద సన్నటి గొట్టంలోంచి నీళ్లు పడుతూ ఉండాలి. నీళ్లుంటే పొడి బురదై కిందికి కారుతుంది. నీళ్లు లేకపోతే పొగై పైకి లేస్తుంది. ఎండలు ముదిరేసరికి బోరు ఎండింది. ట్యాంకరు తెప్పించాలి. ఓనరు ట్యాంకరు తెప్పించలేదు, రంపాల గొట్టాలు కట్టేయించాడు.

"మంచిదేలేరా," అన్నాడు మేస్త్రీ, ఏదో వరం ఇచ్చినట్టు. "పలక తడి ఆరేదాకా ఆగే పని తప్పింది. గీత కూడా బాగా కనబడుతుంది."

నిజమే, గీత బాగా కనబడింది. మనుషులే కనబడటం మానేశారు. మధ్యాహ్నానికల్లా పది అడుగుల అవతల నిలబడ్డవాడు అన్నో ఇంకొకడో దగ్గితే గాని తెలిసేది కాదు. మూతికి గుడ్డ కట్టుకుని కోశారు. గుడ్డ తడిపి కట్టుకున్నవాడు తెలివైనవాడు.

మా షెడ్డులో ఒక మర్యాద ఉండేది. పని దిగేటప్పుడు కంప్రెసరు గాలిగొట్టంతో ఒకరి ఒళ్లు ఒకరు దులిపేవాళ్లు. ఎవడి గాలి వాడు కొట్టుకోకూడదు. ఒకడు సిలువ మీద మనిషిలా చేతులు చాపి నిలబడితే, ఇంకొకడు తల నుంచి చెప్పుల దాకా గాలి కొట్టేవాడు. తర్వాత వాడి వంతు. కొట్లాడుకున్న రోజు కూడా గాలి మాత్రం కొట్టుకునేవాళ్లు. ఇంట్లో పిల్లలుంటారు, దుమ్ము మోసుకెళ్లకూడదు, అదీ లెక్క. మా అన్న ఇంకోసారి ఎక్కువ కొట్టించుకునేవాడు. వదిన ఇంట్లో మిషను కుడుతుంది. "ఊళ్లోవాళ్ల తెల్లబట్టలుంటాయి బాబాయ్, వీపు మీద ఇంకోసారి కొట్టు" అనేవాడు. పాలిష్ పట్టే ముసలాయన్ని అందరం బాబాయి అనేవాళ్లం. ఆయన నవ్వుతూ కొట్టేవాడు. తెల్లటి మేఘం లేచేది. ఆ మేఘంలో ఇద్దరూ నవ్వుతూ దగ్గేవాళ్లు.

నేను బడి మానేసింది చిన్నప్పుడే. ఎందుకు మానేశానన్నది వేరే కోపం, దాన్ని ఇక్కడ కలపను. ఊరి బస్టాండులో ఉచితంగా వైఫై వచ్చేది. పని దిగి, బస్సు కోసం నిలబడ్డవాళ్ల మధ్యలో నిలబడి, ఫోనులోకి పాఠాలు దించుకునేదాన్ని. పెద్ద కాలేజీల్లో పంతుళ్లు చెబుతుంటే కెమెరా పెట్టి తీసి, ఎవరైనా చూసుకోండి, ఎవరికైనా ఇచ్చుకోండి అని వదిలేసినవి. నక్షత్రాలు ఎలా చస్తాయి, భూమి పొరలు ఎలా పేరుకుంటాయి, ఓటు ఎవరు ఎవరి దగ్గర లాక్కున్నారు, రెండు మాటల మధ్య తర్కం ఎక్కడ తప్పుతుంది. ఏది దొరికితే అది. ఆకలిగా ఉన్నవాడు వరస చూసుకుని తినడు. గేటు దగ్గర వాచ్‌మన్ లేని కాలేజీ అది. నన్ను ఎవరూ "ఎవరి తాలూకు?" అని అడగలేదు.

షెడ్డులో నాకు 'లెక్చరు' అని పేరు పెట్టారు. మా అన్న అందరికీ చెప్పేవాడు: "మా చెల్లి డిగ్రీ బస్టాండులో చదువుతోంది. హాజరు కండక్టరు వేస్తాడు."

వాటన్నిటిలో నాకు ప్రాణమైంది ఊపిరితిత్తుల పాఠాల వరస. కెమెరా తెర మీద బొమ్మలకేసే ఉండేది, చెప్పే ఆయన ముఖం కనబడేది కాదు. గొంతు మాత్రం. తొందర లేని గొంతు. ప్రతి పాఠం ఒకే మాటతో మొదలయ్యేది: "వెనకవాళ్లకి వినిపిస్తోందా?"

నేను బస్టాండులో నిలబడి పైకే అనేదాన్ని: "వినిపిస్తోంది సార్."

నాకంటే వెనక ఎవరున్నారు చెప్పండి. ఆ హాలు వెనక గోడ దాటి, ఆ వీధి దాటి, ఎన్నో ఊళ్లు దాటి, మూత్రం కంపు కొట్టే గోడకి ఆనుకుని ఉన్నాను నేను. అంత వెనక ఉన్నదాన్ని నన్ను అడిగాడు ఆ మనిషి. ఇంట్లో ఆయన్ని "మా సారు" అనే అనేదాన్ని.

ఆ పాఠాలు వెతుక్కోవడానికి కారణం మా అన్నే. మేము మేడ మీద గదిలో అద్దెకుండేవాళ్లం. ఎండలు పెరిగిన కొద్దీ అన్న మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఫోను మాట్లాడటం మొదలుపెట్టాడు. రోజూ అదే మలుపులో.

వదిన ఒకరోజు దారం పళ్లతో కొరుకుతూ అడిగింది: "ఏమే, మీ అన్నకి ఈమధ్య ఫోన్లన్నీ మెట్ల మీదే వస్తున్నాయి. ఎవరావిడ?"

"ఆవిడకి మీ ఆయనే దొరికాడా వదినా, లోకం గొడ్డుపోయిందా?"

నవ్వుకున్నాం. మర్నాడు నేను మెట్ల కిందే ఆగి చూశాను. మలుపు దగ్గర గోడకి భుజం ఆనించి నిలబడ్డాడు మా అన్న. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఆ... ఆ... సరే... ఆ..." అంటున్నాడు. ప్రతి 'ఆ'కీ మధ్య ఒక గుక్క గాలి లాక్కుంటున్నాడు. ఫోను తెర నల్లగా ఉంది. అది పొద్దుటే ఛార్జి అయిపోయిన ఫోను.

వదినకి ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పేశాను. వదిన అన్నని తిట్టలేదు. "ఆవిడే ఉన్నా బాగుండేది" అంది, అంతే.

మూడో పాఠం రాతి దుమ్ము గురించి. విన్నాక నేను అన్న ముందు కూర్చున్నాను. "నువ్వు రేపట్నుంచి ఎండు కోత కొయ్యకు. నీళ్లు పెడితేనే రంపం ముట్టుకుంటానని చెప్పు. మా సారు చెప్పాడు, ఈ పలకలో ఉండేదంతా..."

"మీ సారు!" అన్న నవ్వబోయి దగ్గాడు. "నెలనెలా డాక్టరొస్తున్నాడు కంపెనీకి. గొట్టం పెట్టి చూస్తాడు. వేసవి మొదట్లో బండి తెచ్చి అందరికీ ఎక్స్‌రే తీశారు. అలర్జీ, పనికి ఫిట్ అని రాశాడు. ఛాతీ మీద గొట్టం పెట్టినవాడి మాట నమ్మనా, ఫోనులో ముఖం కూడా చూపించని వాడి మాట నమ్మనా?"

"ఆ ఎక్స్‌రే నీకు చూపించాడా?"

"నాకు చూపిస్తే నాకేం తెలుస్తుందే? ఆయన చూశాడు. చాలదూ?"

ఆ డాక్టర్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయన చూసేది మగవాళ్లని మాత్రమే. మేం ఆడవాళ్లం తుడిచేవాళ్లం, తుడిచేవాళ్లకి ఊపిరితిత్తులు ఉండవని కంపెనీ నమ్మకం. ఆయన పేరు కూడా మాలో ఎవరికీ తెలియదు. కంపెనీ డాక్టరు, అంతే. సంతకం చూస్తే చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుండేది.

"మీ డాక్టరు మీ ఓనరు జీతగాడు. మా సారు ఎవడి జీతగాడూ కాదు, ఊరికే చెబుతున్నాడు," అన్నాను.

"ఊరికే వచ్చేదానికి విలువేంటే? నీకిదో పిచ్చి, పో."

వదిన మిషను ఆపింది. "ఒక్కసారి వింటే నీ సొమ్మేం పోయింది? పడుకునే విను. కళ్లు కూడా తెరవక్కర్లేదు."

ఆదివారం మధ్యాహ్నం అది. అన్న చాప మీద పడుకుని కళ్ల మీద తడిగుడ్డ వేసుకున్నాడు. నేను ఫోను గిన్నెలో పెట్టాను, చప్పుడు పెద్దగా వస్తుందని. వెనకవాళ్లకి వినిపిస్తోందా, అన్నాడు మా సారు. "వినిపిస్తోంది సార్," అన్నాను అలవాటుగా. అన్న గుడ్డ కిందే నవ్వాడు.

పాఠం నడుస్తోంది. పొడి రేణువు గొంతు దాటి ఎక్కడిదాకా పోతుందో చెబుతున్నాడు. మధ్యమధ్యలో చిన్న చప్పుడు, టిక్, టిక్, టిక్. ఆయన పెన్ను నొక్కుతాడని, ఆ చప్పుడు మైకులో పడుతుందని నాకు మొదట్నుంచీ తెలుసు. కష్టమైన సంగతి చెప్పేముందు ఎక్కువ నొక్కేవాడు. అది నాకు ముద్దుగా కూడా ఉండేది.

అన్న కళ్ల మీద గుడ్డ తీశాడు.

"ఇంకోసారి పెట్టు."

"ఏది?"

"ఆ టిక్ టిక్."

వెనక్కి తిప్పి పెట్టాను. అన్న పైకప్పుకేసి చూస్తూ విన్నాడు. తర్వాత మామూలుగా, బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాడు.

"ఈయన మా డాక్టరే. గొట్టం వీపు మీద పెట్టి వినేటప్పుడు ఇలాగే నొక్కుతాడు. గొంతు కూడా ఇదే."

గిన్నెలో మా సారు చెబుతూనే ఉన్నాడు. ఎవరూ ఆపలేదు.

డాక్టరు వచ్చే రోజుకి ఎదురుచూశాను. స్టోరుగదిలో కూర్చోబెట్టేవాళ్లు ఆయన్ని, జిగురు డబ్బాలకీ అరిగిన రంపపు బిళ్లలకీ మధ్యలో. అన్న లోపలికి వెళ్లగానే వెనకే నేనూ దూరాను.

"ఆడవాళ్లకి లేదమ్మా, పో," అన్నాడు మేస్త్రీ.

"నాకు జబ్బేం లేదు. నేను సారు స్టూడెంట్ని."

డాక్టరు తలెత్తాడు. పెద్దవయసు, అలసిన కళ్లు, మర్యాదైన ముఖం. ఆ ముఖం నిజంగానే వెలిగింది. "నా స్టూడెంటా? ఏ బ్యాచ్?"

"బ్యాచ్ లేదు సార్. ఫోనులో."

"ఆ వీడియోలా! ఎప్పటివో అవి. ఎవరూ చూడరనుకున్నాను."

ఎంత తిట్టాలో దారి పొడుగునా కూడబెట్టుకుని వచ్చాను. ఆ గొంతు ఎదురుగా వినబడేసరికి నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఆ చేతుల్ని నరికెయ్యాలనిపించింది.

"మూడో పాఠం సార్. దుమ్ము లోపలికి పోయి ఊపిరితిత్తిని గీరేస్తుందన్నారు. కింది భాగంలో మొదలై..."

"కాదు, కాదు." ఆయన పెన్ను నొక్కాడు. "గీరడం కాదు. మచ్చ కడుతుంది. సరిగ్గా విను. రేణువుని మింగడానికి ఒక కణం వస్తుంది. అరిగించుకోలేక అదే చస్తుంది. దాన్ని మింగడానికి ఇంకోటి, అదీ చస్తుంది. చచ్చిన చోటల్లా మచ్చ. కింద కాదు, పై భాగంలో మొదలవుతుంది. ఇదుగో, మీ అన్నకి కూడా పైనే..."

టిక్ టిక్ ఆగింది.

ఫ్యాను తిరుగుతోంది. మేస్త్రీ జిగురు డబ్బా మీద పేరు చదువుతున్నాడు. మా అన్న చొక్కా విప్పి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా తొడుక్కుని, ఒక్కొక్క గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"పైన ఏముంది సార్?" అన్నాడు, చివరి గుండీ పెట్టుకున్నాక. "ఆ ఎక్స్‌రే తీసినప్పట్నుంచీ ఉందా?"

డాక్టరు నాకేసి చూళ్లేదు. "చూడు బాబూ. అది కాలేజీ. ఇది కంపెనీ. అక్కడ నేను పాఠం చెబుతాను. ఇక్కడ అడిగినదానికి జవాబు రాస్తాను. ఈ మనిషి పని చెయ్యగలడా అని అడుగుతారు. ఇవాళ చెయ్యగలవు. ఫిట్ అని రాస్తాను. అందులో అబద్ధం ఏముంది?"

"మరి రేపు?"

"రేపటి గురించి వాళ్లు అడగలేదు."

"మేము అడుగుతున్నాం కదా," అన్నాను.

"నేను రాయనంటే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారమ్మా. వాడు గొట్టం కూడా పెట్టడు. అది కూడా ఆలోచించు."

"మీరు పెట్టి ఏం చేశారు సార్?"

మేస్త్రీ నా రెక్క పట్టుకుని బయటకి లాగాడు.

ఇది చదివేవాళ్లలో చదువుకున్నవాళ్లు ఉంటారు. మీకే చెబుతున్నాను. తెలియనివాడి మీద నాకెప్పుడూ కోపం లేదు. తెలియకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేను అందులోనే పుట్టాను. తెలిస్తే చాలు, లోకం దానంతటదే దారిలో పడుతుందని నమ్మి, కాళ్లు పీకేదాకా బస్టాండులో నిలబడ్డాను. ఈయనకి తెలుసు. మా అన్న ఛాతీలో ఏ మూల ఏముందో మా అన్న కంటే ముందు తెలుసు. ఎదురుగా లేనివాళ్లకి విడమరిచి చెప్పాడు. ఎదురుగా చొక్కా విప్పి కూర్చున్నవాడికి ఒక్క ముక్క చెప్పలేదు. కంచె చేను మేసిందంటే ఆకలేసి మేసిందనుకోవచ్చు. ఈ కంచె ఆకలి లేకుండానే మేసింది.

అన్న మర్నాడు మళ్లీ పనికి వెళ్లాడు. ఆ కోపం వేరే. "వెళ్లకపోతే ఆ సింకు పలకలు బాబాయి చేత కోయిస్తాడు మేస్త్రీ. ఆయన ఎక్స్‌రేలో ఏముందో!" అన్నాడు. ఒక్కడు మానేస్తే వాడి గుడ్డ ఇంకొకడు కట్టుకుంటాడు. అందరూ ఒకేసారి వినాలి.

కూరగాయల బండి ఆయనుండేవాడు మా వీధిలో. బండికి మైకు కట్టి, తన గొంతు తనే రికార్డు చేసుకుని తోసుకుంటూ తిరిగేవాడు. నోరు కదపకుండా అరిచేవాడని ఆయనకి 'మైకు మామ' అని పేరు.

"మామా, నీ మైకు ఒక సాయంత్రం కావాలి."

"నా టమాటాలు ఎవరు అరుస్తారే?"

"ఒక్క పూట మౌనవ్రతం పట్టనీ."

"ఏం పెడతావు, పాటలా?"

"పాఠం."

"పాఠం పెడితే జనం వస్తారా, పారిపోతారా? బడి గంట కొడితే నేను గోడ దూకేవాణ్ణి."

"ఇది గోడ దూకినవాళ్ల కోసమే మామా."

మామ నాకేసి కాసేపు చూసి, మైకు వెనక మూత తీసి, మెమరీ కార్డు నా చేతిలో పెట్టాడు.

పని దిగే వేళకి బండి షెడ్డు గేటు ముందు ఆగింది. లోపల గాలి కొట్టుకోవడం మొదలైంది. బాబాయి చేతులు చాపి నిలబడ్డాడు. మా అన్న గొట్టం పట్టుకున్నాడు. మైకు మొదట తన అలవాటు ప్రకారం "టమాటా, వంకాయ, బెండకాయ, లేత లేత..." అని అందుకుంది. మామ దాన్ని ఒక్క గుద్దు గుద్దాడు. గర్రుమని, ఆ తర్వాత తొందర లేని గొంతు.

"వెనకవాళ్లకి వినిపిస్తోందా?"

"ఒరేయ్, డాక్టర్రా!" అన్నారెవరో. "డాక్టరు కూరగాయలు అమ్ముతున్నాడ్రోయ్!"

షెడ్డంతా పగలబడి నవ్వింది. చూడ్డానికి గేటు దగ్గరికి వచ్చారు. నవ్వుతూనే విన్నారు కాసేపు. అచ్చుపోసిన పలకలో రాతిపొడి ఎంత ఎక్కువో చెప్పాడు. నవ్వు తగ్గింది. కంటికి కనబడే దుమ్ము గుడ్డకి ఆగుతుందని, చంపేది కంటికి కనబడని దుమ్మని చెప్పాడు. ఒకడు మూతి గుడ్డ విప్పి చేతిలోకి తీసుకుని చూశాడు. నీళ్లు లేకుండా పలక కోయించేవాడు మనిషిని కోయిస్తున్నట్టే లెక్క అన్నాడు మైకులో డాక్టరు. మేస్త్రీ బండి దగ్గరికి రాబోయాడు. మామ బండి చక్రం మేస్త్రీ దారికి అడ్డంగా తిప్పి, వంకాయలు సర్దుకుంటూ నిలబడ్డాడు.

టిక్, టిక్, టిక్.

"ఇంకో సంగతి. ఈ షెడ్లలో సాయంత్రం గాలిగొట్టంతో ఒకరి ఒళ్లు ఒకరు దులుపుకుంటారు. బట్టల మీద పడి ఊరుకున్న దుమ్ముని లేపి, పక్కవాడి ముక్కులోకి పంపడమే అది. పగలంతా పీల్చింది ఒక ఎత్తు, ఈ కాసేపు పీల్చేది ఒక ఎత్తు. నవ్వకండి. వాళ్లని తెలివితక్కువవాళ్లని అనుకోకండి. ఇంట్లోవాళ్ల మీద ప్రేమతో చేస్తారు ఆ పని. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. ఆ ఎవరో మీరే కావాలి."

బాబాయి చేతులు చాపినవి చాపినట్టే ఉన్నాయి. మా అన్న కంప్రెసరు దగ్గరికి నడిచి స్విచ్చు ఆపాడు. గొట్టం నేల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా, నిద్రపోయే పిల్లని దించినట్టు.

నేను తుడుపుగుడ్డల బకెట్టు తెచ్చాను. ఒక గుడ్డ పిండి బాబాయి భుజం మీద వేశాను. తుడవడం మొదలుపెట్టాను, పలకని తుడిచినట్టే, పై నుంచి కిందికి. మిగతా ఆడవాళ్లు తలా ఒక గుడ్డ తీసుకున్నారు. బకెట్లో నీళ్లు పాలలా అయ్యాయి.

మర్నాడు రంపాలు తిరగలేదు. మా దగ్గర జెండా లేదు, కరపత్రం లేదు. నీళ్లు లేనిదే కోత లేదు, అంతే మాట. ఓనరు వచ్చి ముందు బతిమాలాడు, తర్వాత బెదిరించాడు, ఆ తర్వాత బయటి నుంచి ఎవరో ఇద్దరు కోతవాళ్లని తెచ్చాడు. వాళ్లు సింకు మూలలన్నీ పగలగొట్టి, ముక్కలు చేతిలో పెట్టి పోయారు. ఎండ మాడుస్తుంటే గేటు ముందు నీడ లేని చోట కూర్చున్నాం. మామ రోజూ వచ్చి అదే పాఠం పెట్టేవాడు. ఆఖరికి వీధిలో పిల్లలు కూడా ఆటల్లో "వెనకవాళ్లకి వినిపిస్తోందా" అని అరిచేవాళ్లు. చివరికి ఒక పొద్దున ట్యాంకరు వచ్చింది. నీళ్లు పలక మీద పడ్డ చప్పుడుకి బాబాయి ఏడ్చేశాడు.

గెలిచామని రాసి ఇక్కడ ఆపొచ్చు. అలా ఆపేవాళ్లంటే నాకు అసహ్యం.

నీళ్లు వచ్చిన వారమే డాక్టరు వచ్చాడు. మా అన్న కాయితం మీద ఈసారి 'పనికి పనికిరాడు' అని రాశాడు. మొదటిసారి నిజం రాశాడు. ఆ నిజంతోనే అన్నని గేటు బయట పెట్టారు. నన్ను తీసెయ్యడానికి కాయితం కూడా అక్కర్లేకపోయింది. అబద్ధం రాసినన్నాళ్లూ దుమ్ము తినిపించారు, నిజం రాసిన రోజు కూడు లాక్కున్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. వీళ్లు రెండూ ఒకేసారి పట్టుకుంటారు.

బస్టాండుకి వెళ్లి ఫోను తెరిచి చూశాను. ఊపిరితిత్తుల పాఠాలన్నీ ఉన్నాయి. మూడోది లేదు. 'ఈ పాఠం అందుబాటులో లేదు' అని ఉంది. నవ్వొచ్చింది. మామ మైకులో ఉన్నదాన్ని ఏం చేస్తారు?

తొలి వాన పడ్డ రోజు అన్న వదిన పక్కన కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతున్నాడు. కొత్త పని. బయట ఆకాశం ఊరికే నీళ్లు పోస్తోంది, అందరి షెడ్ల మీదా.

"ఏమే లెక్చరూ, దాని తర్వాతి పాఠం ఉందా?" అన్నాడు.

"ఉంది."

"దేని గురించి?"

"చికిత్స."

"పెట్టు మరి, చూస్తావేం?"

ఫోను గిన్నెలో పెట్టాను. వెనకవాళ్లకి వినిపిస్తోందా, అన్నాడు ఆయన. ఎవరూ జవాబు చెప్పలేదు. ఇవాళ్టి పాఠం చిన్నది అన్నాడు. పెన్ను చాలాసేపు నొక్కాడు. మచ్చ పడ్డ చోటు మళ్లీ మామూలు కాదు. పని మానేసినా కొందరిలో పెరుగుతూనే ఉంటుంది. దగ్గుకి, ఆయాసానికి మందులున్నాయి, దీనికి మందు లేదు. అందుకే మూడో పాఠం ముఖ్యం, దాన్ని మరిచిపోకండి. అంతే, పాఠం అయిపోయింది. హాల్లో కుర్చీలు జరిపిన చప్పుళ్లు, పిల్లల నవ్వులు వినబడ్డాయి.

వదిన మిషను ఆగిపోయి ఉంది.

అన్న సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించి, ముడి వేసి, అప్పుడు అన్నాడు: "నిజమే అయ్యుంటుంది. ఈయన కాలేజీలో అబద్ధం చెప్పడు."

కాసేపటికి వదిన మిషను మళ్లీ తొక్కింది. చాలా గట్టిగా తొక్కింది.

వానలు కుదురుకున్నాక నేను, మామ వేరే షెడ్లకి తిరగడం మొదలుపెట్టాం. ఆ రోడ్డు పొడుగునా ఉన్నవన్నీ అవే షెడ్లు. వానాకాలం వచ్చినా కొన్నిట్లో ఎండు కోతే. ఎండు కోత తొందరగా అవుతుందట. అన్న కూడా వస్తానన్నాడు. నడవలేడు కాబట్టి బండి మీద, గోనెసంచుల పక్కన కూర్చుంటాడు. "ఈ మూట అమ్ముడుపోదురా, ఊరికే మోస్తున్నాను" అంటాడు మామ. "పుచ్చు సరుకు మామా, కింద పెట్టెయ్" అంటాడు అన్న.

మొదటి షెడ్డు గేటు ముందు మామ బండి ఆపి మైకు పెట్టాడు. టమాటా, వంకాయ, ఒక గుద్దు, గర్రుమని చప్పుడు. లోపల రంపాలు కూస్తున్నాయి. తలుపులోంచి తెల్లటి పొగ వస్తోంది. వెనకవాళ్లకి వినిపిస్తోందా, అని అడిగింది ఆ గొంతు, తొందర లేకుండా.

ఒక రంపం ఆగింది. పొగలోంచి, మనిషి కనబడకుండా, ఎవరో దగ్గి అరిచారు.

"వినిపించట్లేదు! ఇంకా గట్టిగా పెట్టు!"

మా అన్న బండి మీద నుంచి వంగి మైకు చెవి మెలితిప్పాడు.